మూడోసారి పలికిన మాట

సోమవారం మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి, పదిహేడో నంబరు బస్సు కోసం నిలబడ్డ మనిషి చేతిలో గొడుగుతో సహా కూలబడ్డాడు. ఎండదెబ్బ అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. చొక్కా మీది ఎర్ర మరక బొత్తామంత నుంచి పళ్ళెమంత అయ్యాక గానీ ఎవరూ అరవలేదు. సైలెన్సర్ బిగించిన పిస్తోలు పేల్చినవాడు అప్పటికే అదే బస్సెక్కి, టికెట్ తీసుకుని, కిటికీ పక్క సీట్లో కూర్చుని వెళ్ళిపోయాడు.

చచ్చినవాడు విదేశీ ముఠాకి కొరియర్. మూడు నెలలు వాడి వెంటపడి, ఆ సాయంత్రం పట్టుకుందామని డిపార్ట్‌మెంట్ ముహూర్తం పెట్టుకుంది. ముఠా ఆరు గంటల ముందే ముహూర్తం పెట్టింది. వాడి జేబులో దొరికినవి రెండే వస్తువులు, ఒక దువ్వెన, ఒక విజిటర్ పాస్. పాస్ మీద ‘స్వర పరిశోధన సంస్థ, రికార్డింగ్ విభాగం’ అని ఉంది.

“స్వరం అంటే సంగీతమా సార్?” అన్నాడు ఏజెంట్ నైన్టీన్, బ్రీఫింగ్ రూమ్‌లో.

“కాదయ్యా. భాషల్లో స్వరం,” అన్నాడు చీఫ్. “ఒకే మాటని గొంతెత్తి అంటే ఒక అర్థం, దించి అంటే ఇంకో అర్థం. ప్రపంచంలో అలాంటి భాషలు వందల కొద్దీ ఉన్నాయిట. ఆ సంస్థవాళ్ళు పొద్దస్తమానం వాటిని రికార్డు చేసి కొలుస్తూ ఉంటారు. మన వాళ్ళ వివరాలు ఆ గదుల్లోంచే సరిహద్దు దాటుతున్నాయి. ఎలాగో తెలీదు. నువ్వు టెక్నీషియన్ వేషంలో చేరుతున్నావు.”

“సార్, నా చెవి సంగతి మీకు తెలుసు కదా. కాలింగ్ బెల్లుకీ కుక్కర్ విజిల్‌కీ తేడా తెలీని వాణ్ణి.”

“అందుకే నువ్వు. చెవి ఉన్నవాడైతే ఆ పాఠాల్లో పడి పని మర్చిపోతాడు. మన అనువాదకుడే నీ పేరు చెప్పాడు.”

బల్ల చివర కూర్చున్న డిపార్ట్‌మెంట్ అనువాదకుడు కళ్ళజోడు సర్దుకుని మర్యాదగా నవ్వాడు. అతని మాతృభాష అలాంటి స్వర భాషే. ప్రతి శుక్రవారం, చీఫ్ అనుమతితో ఆ సంస్థకి వెళ్ళి తన గొంతు అరువిచ్చి వస్తుంటాడు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ గేటు దగ్గర అతని బూట్లు కూడా విప్పించి చూస్తారు. కాగితం ముక్క దొరికిన పాపాన పోలేదు.

“అక్కడ నీకు మన మనిషి ఒకరున్నారు,” అన్నాడు చీఫ్, గొంతు తగ్గించి. “కోడ్ నేమ్ నెమలి. విజిటింగ్ డాక్టర్‌గా, అంటే అతిథి పరిశోధకురాలిగా ఉంది. డబుల్ ఏజెంట్. ముఠా తమదనుకుంటుంది, కానీ మనది.”

డబుల్ ఏజెంట్ ఎవరి మనిషో ఆ ఏజెంటుకి తప్ప ఎవరికీ తెలీదని ఏ ట్రైనింగ్ పుస్తకంలోనైనా మొదటి పేజీలోనే ఉంటుంది. చీఫ్ ఆ పేజీ చదివి చాలా ఏళ్ళయింది.

పరికరాల విభాగం నైన్టీన్‌కి మూడిచ్చింది. సిరా కక్కే కెమెరా పెన్ను. రోజుకి నలభై నిమిషాలు వెనకపడే రికార్డర్ వాచీ. లోపల మైక్రోఫోన్, ట్రాన్స్‌మిటర్ పెట్టిన పెట్టుడు మీసం. మూడోది అన్నిటికన్నా ఘోరం. స్పీకరుకి ఆరడుగుల దూరంలోకి వెళ్తే చాలు, అది దానికదే కీచుమంటుంది. నైన్టీన్‌ని పంపించింది గది నిండా స్పీకర్లున్న చోటికి.

పదకొండు వారాలు గడిచాయి.

పదకొండు వారాల్లో నైన్టీన్ సాధించినది ఏమిటంటే, నలుగురు పరిశోధకుల చెత్తబుట్టలు, ఇద్దరి ప్రేమలేఖలు, ఒకరి బట్టతల మందు. కొండను తవ్వి ఎలుకను పట్టడమైనా ఒక పనే. ఇతనికి ఎలుక కూడా దొరకలేదు. పైగా ఐదో వారంలో సరిహద్దు అవతల మనవాడొకడు పట్టుబడ్డాడు, ఎనిమిదో వారంలో మరొకడు. ఆ రెండు వార్తలూ విన్న రోజుల్లో నైన్టీన్ ఇంటికి వెళ్ళి అన్నం తినకుండా పడుకున్నాడు.

ఆ సంస్థలో మనుషులు సగం మాట్లాడతారు, సగం ఈల వేస్తారు. మాటలో హల్లులూ అచ్చులూ తీసేసి ఎత్తుపల్లాలు ఒక్కటీ వినాలంటే దాన్ని ఈలగా వేయడమే సులువైన దారిట. కారిడార్లో ఎదురైన ప్రతివాడూ ఈలేస్తుంటే, మొదటి వారం నైన్టీన్ వాటన్నిటినీ కోడ్ అనుకుని నోటుబుక్కు నింపాడు. రహస్య సంకేతాలు విప్పే సైఫర్ సెక్షన్ ఆ నోటుబుక్కుని మూడు రోజులు కంప్యూటర్లో వేసి, ఏమీ లేదని తిప్పి పంపింది.

సంస్థకి పెద్ద ఒక ప్రొఫెసర్. అరవై దాటిన ఆవిడ, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుని, మెడలో హెడ్‌ఫోన్స్ తీయకుండా తిరుగుతుంది. కొత్త టెక్నీషియన్‌కి పని ఆవిడే నేర్పింది.

“ప్రతి మాటా మూడుసార్లు చెప్పించు నాయనా. మొదటిసారి మనిషి తడబడతాడు. మూడోసారి ఇక అయిపోయింది కదా అని గొంతు దించేస్తాడు. ఏ దేశంవాడైనా అంతే, మాట చివర గొంతు దిగాల్సిందే. నమ్మదగింది మధ్యది. మొదటిది తల, మూడోది తోక. తలా తోకా కత్తిరించెయ్, నడుము దాచిపెట్టు.”

“తోకలు ఏం చెయ్యమంటారు మేడమ్?”

“తోకలతో మనకేం పని? ఆ విజిటింగ్ డాక్టరు అడుగుతోంది, ఆవిడకిచ్చెయ్. చివర గొంతు ఎలా దిగుతుందో పరిశోధిస్తోందిట. ఒకరి చెత్త ఇంకొకరికి సబ్జెక్టు.”

ఆ తర్వాత ప్రొఫెసర్ ఎత్తు అంటే ఏమిటో చెప్పింది. ఎత్తు అంటే ఇంత అని కొలత లేదనీ, పక్క మాటకంటే ఎత్తు అనీ, మగవాడి పై మెట్టు చిన్నపిల్ల కింది మెట్టు కంటే కిందే ఉండొచ్చనీ, అయినా పుట్టుకతో ఆ భాష మాట్లాడేవాడు తన మాటని తప్పు మెట్టు మీద ఎన్నడూ పెట్టడనీ చెప్పింది. నైన్టీన్‌కి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. అతనికి అర్థమైంది ఒక్కటే. కంప్యూటర్ తెర మీద గొంతు ఒక గీతలా కనబడుతుంది. గొంతు లేస్తే గీత లేస్తుంది, దిగితే దిగుతుంది. వినలేనివాడు చూడొచ్చు కదా అని ఆ రోజు నుంచి గీతల్ని చూడడం అలవాటు చేసుకున్నాడు.

మైకు టెస్ట్ కోసమని ప్రొఫెసర్ అతని చేత కూడా నలభై మాటలు చదివించింది.

“ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి గొంతు వినలేదు నాయనా. ఎత్తు లేదు, పల్లం లేదు, ప్రతి మాటా చివర లారీలోంచి జారిన బస్తాలా కిందపడుతోంది.”

ఆ ఫైలుని ఆవిడ సెమినార్ హాల్ కంప్యూటర్లో ‘వినకూడనివి’ అనే ఫోల్డర్లో దాచి, ప్రతి కొత్త బ్యాచ్‌కీ ఉదాహరణగా వినిపించేది. విద్యార్థులు పడి పడి నవ్వేవారు. గోడ అవతల కేబుళ్ళు సర్దుతూ నైన్టీన్ ఆ నవ్వు వినేవాడు. దేశం కోసం బుల్లెట్ తినడానికి సిద్ధపడ్డ మనిషి ఈ అవమానానికి సిద్ధపడలేదు.

నెమలి సంగతి వేరు. ఆవిడ కారిడార్లో నడిచొస్తే ఈలలు ఆగిపోయేవి. నీలం సిల్కు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, ఆవిడ వెళ్ళిపోయాక కూడా గదిలో మిగిలే సెంటు. మొదటి రోజే రికార్డింగ్ రూమ్‌లోకొచ్చి మైకు వంక చూసి, “దీనికి జలుబు చేసినట్టుంది,” అంది. అది కోడ్.

“ఆవిరి పట్టిద్దాం,” అన్నాడు నైన్టీన్. అది జవాబు.

“మెసేజ్ ఉంటే నడుముల్లోనే ఉంటుంది,” అంది నెమలి మెల్లిగా. “ఈ సంస్థ దాచేది అవే. ఒక్కటి వదలకుండా మన సైఫర్ సెక్షన్‌కి పంపండి.”

పంపాడు. పదకొండు వారాల నడుములు, పదహారు భాషలవి. సైఫర్ సెక్షన్ నుంచి ప్రతి సోమవారం ఒకే జవాబు, ‘ఏమీ లేదు’. ప్రతి శుక్రవారం తోకల డ్రైవ్ తీసుకుంటూ నెమలి మాత్రం, “ఓపిక పట్టండి, మీలాంటి మనిషి ఉండబట్టే ధైర్యంగా ఉంది,” అనేది. అబద్ధం చెప్పలేదు పాపం.

పన్నెండో శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకి చీఫ్ ఫోన్ చేశాడు. నైన్టీన్ చీపుళ్ళ గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు.

“సరిహద్దు అవతల ఉన్న మనవాళ్ళు పదకొండు మంది పాస్‌పోర్టు నంబర్లని సోమవారం ఎవరో సేఫ్ తెరిచి చూశారు,” అన్నాడు చీఫ్. “ముఠా కబురొకటి మధ్యలో పట్టుకున్నాం. శుక్రవారం ఒంటిగంట, మొత్తం జాబితా. అంటే ఇవాళే.”

“వాళ్ళని వెనక్కి పిలవండి సార్.”

“కబురు చేరడానికే మూడు రోజులు పడుతుంది.”

“అయితే సంస్థని మూసేయండి.”

“మూసేస్తే దారి మారుస్తారు. చూసినవాడి బుర్రలో నంబర్లున్నాయి కదా. ఆ మనిషెవరో తెలియాలి.” చీఫ్ ఆగాడు. “ఇంకో మాట. ఆ పదకొండు మందిలో మీ బావమరిది ఉన్నాడు. రూల్ ప్రకారం ఇది నీకు చెప్పకూడదు.”

నైన్టీన్ చీపుళ్ళ కట్ట మీద కూర్చుండిపోయాడు. పెళ్ళినాటికి ఆ పిల్లాడికి పదేళ్ళు. చదువుకునే రోజుల్లో వాళ్ళింట్లోనే ఉన్నాడు. నైన్టీన్ స్నానం చేస్తూ కూనిరాగం తీస్తే బయట తలుపు బాదుతూ, “బావా, ఆపుతావా, హాస్టల్‌కి పొమ్మంటావా?” అని అరిచేవాడు. వైర్‌లెస్ పనిలో వాడి చురుకు చూసి డిపార్ట్‌మెంట్‌లోకి తీసుకొచ్చింది నైన్టీనే. ఆ ముక్క భార్యకి ఇప్పటివరకూ చెప్పలేదు. పరాయి దేశంలో రేడియోల కంపెనీ ఉద్యోగమని చెప్పాడు. వాడికేమైనా అయితే ఆవిడ మొహం చూడగలనా అనుకున్నాడు. చూడలేడు, అది అతనికి ఖాయంగా తెలుసు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా సరిగ్గా అప్పుడే ఆవిడే ఫోన్ చేసింది.

“ఏమండీ, తమ్ముడి దగ్గర్నుంచి నాలుగు నెలలుగా ఫోన్ లేదు. మీకేమైనా తెలిసిందా?”

“సిగ్నల్ ఉండదేమో. కనుక్కుంటాలే.”

“ఎప్పుడడిగినా ఇదే మాట. మీ మాటల్లో ఏదో తేడాగా ఉంది.”

“నా గొంతెప్పుడూ అంతే కదా,” అని పెట్టేశాడు.

పదింటికి అనువాదకుడు వచ్చాడు. అద్దం అవతల కూర్చుని, మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నాడు. మామూలుగా నలభై మాటలు చదివేవాడు, ఆ రోజు నూటముప్పై రెండు తెచ్చాడు. ఒక్కొక్కటి మూడుసార్లు. వినివిని నైన్టీన్‌కి తల తిరిగిపోయింది. అద్దం ఇవతల అతను ఒంటిగంట గురించి ఆలోచిస్తున్నాడు. ఎవరు, ఎక్కడ, ఏ గోడ సందులోంచి?

“మీ ఓపికకి జోహార్,” అన్నాడు అనువాదకుడు వెళ్తూ వెళ్తూ.

కత్తిరించే ప్రోగ్రామ్ తలలు ఒకవైపు, తోకలు ఒకవైపు, నడుములు ఒకవైపు పడేసింది. పదకొండున్నరకి నెమలి వచ్చి చెయ్యి చాపింది. నైన్టీన్ తోకల డ్రైవ్ ఆ చేతిలో పెట్టాడు.

“ఇవాళ ఒంటిగంటకి సెమినార్లో నా ప్రసంగం,” అంది ఆవిడ. “విదేశాల వాళ్ళు కూడా ఆన్‌లైన్‌లో వింటారు. సౌండ్ నా లాప్‌టాప్‌లోంచే ఇస్తాను, మీరు శ్రమపడొద్దు. మీరు నడుములు చూడండి, ఒంటిగంటలోగా ఏదైనా దొరుకుతుందేమో.”

చూశాడు. పన్నెండున్నర దాకా చూశాడు. అప్పుడు ప్రోగ్రామ్ స్తంభించిపోయింది. తెర మీద ‘దయచేసి వేచి ఉండండి’ అని వచ్చింది. నైన్టీన్ వేచి ఉన్నాడు, తిట్టాడు, బల్ల మీద కొట్టాడు, కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాడు. ప్రోగ్రామ్ అన్నీ మరిచిపోయి, ఉదయం రికార్డింగ్‌ని కత్తిరించక ముందు ఉన్నట్టు పొడుగ్గా పరిచింది. తల, నడుము, తోక. తల, నడుము, తోక.

ఇక చేత్తోనే కత్తిరించాలని విసుక్కుంటూ మొదటి మాట పెద్దది చేశాడు. గీత చూశాడు. తల అడ్డంగా ఉంది, నడుము అడ్డంగా ఉంది. తోక పైకి లేచింది.

రెండో మాట చూశాడు. తోక మధ్యలో నిలబడింది. మూడోది దిగింది. నాలుగోది మళ్ళీ లేచింది.

ఏ దేశంవాడైనా మాట చివర గొంతు దిగాల్సిందే అన్న ముక్క అతని బుర్రలో పదకొండు వారాలుగా ఊరికే పడి ఉంది. ఆ ముక్క ఇప్పుడు లేచి కూర్చుంది. నైన్టీన్ లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కారిడార్లో పరిగెత్తాడు.

ప్రొఫెసర్ తన గదిలో లంచ్ బాక్స్ మూత తీస్తోంది.

“మేడమ్, తోక పైకి లేస్తుందా?”

“లేవదు నాయనా. నీ మెషీన్ పాడైపోయి ఉంటుంది. అన్నం తిన్నాక చూస్తా.”

“ఇప్పుడే చూడండి. దండం పెడతాను.”

ఆవిడ విసుగ్గా హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. విన్న ప్రతి తోకనీ ఈలగా వేయసాగింది. పైకి, మధ్యకి, కిందికి, పైకి. అయిదో దాని దగ్గర ఈల ఆగిపోయింది.

“ఇది మాట కాదు,” అంది. “నడుములో ఒక మెట్టు మీదున్న మాట తోకలో ఇంకో మెట్టు మీదుంది. ఆ భాషలో పుట్టినవాడు నిద్రలో కూడా ఇలా పలకడు. కావాలనే మెట్లెక్కి దిగుతున్నాడు. ఎందుకూ?”

నైన్టీన్ వేళ్ళ మీద లెక్క వేశాడు. పదకొండు పాస్‌పోర్టులు. ఒక్కొక్కదానికీ చివరి నాలుగంకెలు. అంకెకి మూడు తోకలు. పదకొండు నాలుగులు నలభై నాలుగు, నలభై నాలుగు మూళ్ళు నూటముప్పై రెండు.

కాగితం లేదు, ఫిల్మ్ లేదు. నంబర్లు అనువాదకుడి గొంతులో గేటు దాటాయి. చెవి ఉన్నవాడెవడైనా అద్దం ఇవతల కూర్చుంటే మొదటి శుక్రవారమే పట్టుకునేవాడు. అందుకే అక్కడ నైన్టీన్‌ని కూర్చోబెట్టమన్నాడు ఆ మహానుభావుడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినవాడు కనీసం ఆ పిల్లాణ్ణి దొంగచేతికి ఇవ్వడు. నైన్టీన్ ప్రతి శుక్రవారం చేతులారా ఇచ్చాడు. పట్టుబడ్డ ఆ ఇద్దర్నీ కూడా తన చేత్తోనే అప్పగించాడు.

“మేడమ్, నేను టెక్నీషియన్‌ని కాదు. నేను...”

“మొదటి వారమే తెలుసు. కేబుల్ చుట్టడం రానివాడు టెక్నీషియనేంటి? ఆడిటర్ అనుకున్నాను. ముందు విషయం చెప్పు.”

మూడు వాక్యాల్లో చెప్పాడు. మూడో వాక్యం బావమరిది గురించి. ఆవిడ లంచ్ బాక్స్ మూత పెట్టేసింది.

టైము పన్నెండూ యాభై రెండు. నైన్టీన్ చీఫ్‌కి ఫోన్ చేశాడు. ‘మీరు వరుసలో అయిదోవారు’ అని డిపార్ట్‌మెంట్ ఎక్స్ఛేంజి తియ్యగా చెప్పింది. దేశాన్ని రక్షించే ఆఫీసులో కూడా క్యూ తప్పదు. “అనువాదకుణ్ణి పట్టుకోండి, ఇక్కడికి మనుషుల్ని పంపండి” అని మెసేజ్ కొట్టి, మెట్లు దిగుతూ పరిగెత్తాడు. వెనకే ప్రొఫెసర్, ఒక చేత్తో హెడ్‌ఫోన్స్, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని.

సెమినార్ హాల్ తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ దీపం వెలిగితే లోపల రికార్డింగ్ జరుగుతున్నట్టు. ఎవరూ తలుపు తీయకూడదు. అది ప్రొఫెసర్ పెట్టిన రూలే. నెమలి రెండు నిమిషాలు ముందే మొదలుపెట్టేసింది.

“ముప్పై ఏళ్ళలో దీపం వెలిగాక ఈ తలుపు తీసినవాడు లేడు,” అంది ప్రొఫెసర్, రొప్పుతూ. తర్వాత తనే తలుపు తోసింది.

లోపల నలభై మంది విద్యార్థులు. గోడ నిండా తెర, తెర మీద గడులు గడులుగా విదేశీ శ్రోతలు. కొన్ని గడుల్లో మొహాలున్నాయి, కొన్ని నల్లగా ఉన్నాయి. వేదిక మీద నెమలి, నీలం స్కార్ఫ్, చెయ్యి లాప్‌టాప్ మీద.

“ఇప్పుడు మాట చివర గొంతు ఎలా దిగుతుందో వినండి,” అంటోంది ఆవిడ. “నూటముప్పై రెండు ఉదాహరణలు.”

సౌండ్ డెస్క్ హాలుకి అటు చివర ఉంది. మధ్యలో నలభై కుర్చీలు, ఎనభై మోకాళ్ళు. నైన్టీన్ సగం దూరం వెళ్ళేసరికి నెమలి వేలు కీ మీద పడింది.

ఆ క్షణంలో అతనికి తోచింది ఒక్కటే. పక్కనున్న పెద్ద స్పీకర్ దగ్గరికి ఒక్క గెంతు గెంతి, మొహం దానికి ఆనించాడు. మీసం తన జన్మలో మొదటిసారి సరైన సమయానికి కీచుమంది. హాలంతా చెవులు మూసుకుంది. తెర మీద గడుల్లో మొహాలు వంకర్లు తిరిగాయి. ఆ కీచులో మొదటి తోకలు కొట్టుకుపోయాయి. అలాగే మీసం పీకి స్పీకర్ జాలీకి అంటించేసి, మోకాళ్ళ మీదుగా దూకుతూ డెస్క్ చేరాడు.

లాప్‌టాప్ లైను పీకాడు. అదే క్షణంలో మీసం కాలిపోయి కీచు ఆగింది, హాలు నిశ్శబ్దమైంది. ఖాళీగా వదిలేస్తే నెమలి లాప్‌టాప్‌ని నేరుగా ఆన్‌లైన్‌కి కలుపుకుంటుంది, దానికి పది సెకన్లు చాలు. ఏదో ఒకటి వినిపించాలి, అది ఆవిడ ఫైలే అని ఆవిడ రెండు క్షణాలైనా నమ్మాలి. డెస్క్ కంప్యూటర్లో తోకలు కత్తిరించని ఫోల్డర్ ఒక్కటే ఉంది. ‘వినకూడనివి’.

నొక్కాడు.

హాలులో నైన్టీన్ గొంతు మోగింది. నలభై మాటలు. ఎత్తు లేదు, పల్లం లేదు. ఒక్కొక్క మాటా చివరికొచ్చి దబ్బున కిందపడుతోంది. విద్యార్థులు ఆ గొంతు గుర్తుపట్టారు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా నవ్వింది.

నెమలి నవ్వలేదు. మొహం పాలిపోయింది.

“ఆపండి. ఇది కాదు. ఇవన్నీ కిందికే పోతున్నాయి.”

ప్రొఫెసర్ నడవలోనే నిలబడింది.

“కిందికి పోతాయనే కదమ్మా నీ ప్రసంగం? పేరే ‘దిగే గొంతు’ అని పెట్టావు. దిగుతోంది. ఇంకెక్కడికి పోవాలి?”

హాలులో నవ్వు ఆగిపోయింది. అక్కడున్నవాళ్ళందరూ అదే విద్యలో ఆరితేరినవాళ్ళు. తోక దిగిందని కంగారుపడే స్వర పండితురాలిని వాళ్ళెవరూ చూసి ఉండరు. నెమలికి తను అన్నమాటేమిటో అప్పుడు తెలిసింది. చేతిసంచీలో చెయ్యి పెట్టి లిప్‌స్టిక్ తీసింది. అది లిప్‌స్టిక్ కాదని, ఒక్క గుండు పేలే పిస్తోలని నైన్టీన్‌కి తెలుసు, అలాంటిది తనకూ కావాలని అప్లై చేస్తే పరికరాల విభాగం మీసం ఇచ్చింది.

“ఎవరూ కదలొద్దు,” అంది నెమలి. ఎవరూ కదల్లేదు. వెనక్కి వెనక్కి నడిచి పక్క తలుపు తీసుకుని బయటపడింది.

బయట డిపార్ట్‌మెంట్ మనుషులు ఇద్దరు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. వచ్చి అయిదు నిమిషాలైందిట. ఎర్ర దీపం వెలుగుతోందని లోపలికి రాలేదుట. నెమలి నేరుగా వాళ్ళ మధ్యలోకి నడిచొచ్చి దొరికిపోయింది.

రెండు గంటలకి అనువాదకుణ్ణి అతని సీట్లోనే పట్టుకున్నారు. ఏమీ దాచలేదు, మూడు మెట్ల లెక్కంతా మర్యాదగా రాసిచ్చాడు. మూడు గంటలకి చీఫ్ స్వయంగా వచ్చాడు.

“నెమలి మన మనిషి కదయ్యా,” అన్నాడు దిగులుగా.

“అవును సార్. శని ఆదివారాలు.”

“నడుములు చూడమని ఆవిడ చెప్పగానే అనుమానం రాలేదా నీకు?”

పదకొండు వారాల కోపం నైన్టీన్ గొంతు దాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగింది. “మీసం నష్టపోయినందుకు ఏ ఫారం నింపాలి సార్?” అని మాత్రం అడిగాడు. ఆ ఫారం మూడు కాపీల్లో నింపాలిట. మధ్యదే అసలు కాపీ.

తర్వాతి బుధవారం మధ్యాహ్నం అతను ఇంట్లో ఉన్నాడు. ఫోన్ మోగింది, భార్య తీసింది. ముందు ఏడ్చింది, తర్వాత తమ్ముణ్ణి పది నిమిషాలు తిట్టింది. కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ అతనికి ఇచ్చింది.

“సరిహద్దు దాటేశాను బావా,” అన్నాడు బావమరిది. గొంతు అలసిపోయి ఉంది. “శుక్రవారం నేను ముఠావాళ్ళ ఆఫీసులోనే ఉన్నా, వాళ్ళ మనిషినన్నట్టు. వైర్‌లెస్ ఆపరేటర్‌ని కదా, హెడ్‌ఫోన్స్ పెట్టి ఆ ప్రసంగంలో గొంతు ఎక్కిందా దిగిందా అని రాసివ్వమన్నారు. ఎందుకో చెప్పలేదు. పెన్ను పట్టుకుని కూర్చున్నా. నీ గొంతొచ్చింది.”

నైన్టీన్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు తోకలు మోగి ఉంటే వాడు తన నంబరు తన చేత్తోనే రాసిచ్చి ఉండేవాడు.

“నువ్వు అక్కడున్నావంటే ఏదో కొంప మునిగిందని అర్థమైంది. బాత్రూమ్‌కని చెప్పి వెనక గుమ్మంలోంచి బయటపడ్డా. దారిలో మిగతావాళ్ళకీ కబురు పెట్టా.”

“నా గొంతని ఎలా తెలిసిందిరా?” అన్నాడు నైన్టీన్.

“ఆరేళ్ళు ఆ బాత్రూమ్ తలుపు బాదాను బావా, తెలీకుండా ఎలా ఉంటుంది?” అన్నాడు వాడు. “నువ్విక హాయిగా పాడుకో, తలుపు నేను బాదను. కానీ మీ ఇంటికి రావడం మాత్రం నువ్వు స్నానం చేశాకే.”